పాత షెడ్డు కూల్చేముందు: వినకూడని ఆరు సలహాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాటి ఆటోనగర్ దాకా పాత గోడౌన్లు, వర్క్‌షాపులు పోయి అంతస్తులు లేస్తున్నాయి. కొత్తపేట పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారం తరలింది. 2022లో ఆ షెడ్లు కూల్చి ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఏ షెడ్డయినా కూల్చేముందు క్యాన్సరు తెచ్చే ఆస్బెస్టాస్ పీచు ఎక్కడుందో సర్వే చేయించాలి. ఆ మాట ఎత్తిన యజమానికి సాధారణంగా వినిపించే సలహాలు ఇవి. ఒక్కటీ పాటించకండి.

1. "చూస్తే తెలిసిపోతుంది, పరీక్ష దండగ"

తెలియదు. సిమెంటులో కలిసిన ఆ పీచు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. ల్యాబులో ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పెడితేనే బయటపడుతుంది. పరీక్షలో లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క. సర్వేకు ప్రాణం ఈ సూత్రమే.

2. "పైకప్పు రేకులు చూస్తే చాలు"

చాలదు. వాననీటి గొట్టాలు, పొగగొట్టాలు, నీళ్ళ ట్యాంకులు కూడా ఆస్బెస్టాస్ సిమెంటువి కావచ్చు. బాయిలరు, ఆవిరి పైపుల చుట్టూ ఉన్న పూత అన్నిటికన్నా ప్రమాదం, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. గాస్కెట్లు, కొలిమి తలుపుల తాళ్ళు, పాత స్విచ్‌బోర్డు పలకలు, మంట ఆపే బోర్డులు చూడండి. లారీల మరమ్మతు షెడ్డయితే బ్రేకు లైనర్ల దుమ్ము పేరుకున్న మూలలు కూడా చూడాలి. కూల్చబోయే భవనంలో ఫాల్స్ సీలింగు పైభాగాన్నీ, గోడల వెనకనూ వదలకూడదు.

3. "మనవి ఈమధ్య వేసిన రేకులే, వాటిలో ఉండదు"

మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ రేకుల తయారీకి నిషేధం లేదు. 1946లో హైదరాబాదులోనే పుట్టిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ చార్మినార్ రేకులు ఊరూరికీ చేరాయి. ఆస్బెస్టాస్ లేని రేకులూ ఇప్పుడు దొరుకుతున్నాయి. కాబట్టి వయసును నమ్మకుండా కొన్న బిల్లు, రేకు మీది ముద్ర చూడండి. రెండూ లేకపోతే పరీక్షకు పంపండి.

4. "ఎవరో ఒక కుర్రాణ్ణి పైకెక్కించి ముక్క విరిపించండి"

ఇది రెండు విధాల ప్రాణాంతకం. పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు, కాలు పెడితే విరిగి కిందికి పడతారు. పొడిగా విరిస్తే పీచు గాలిలోకి లేస్తుంది. శిక్షణ ఉన్నవాళ్ళే నిచ్చెన మీద నుంచో పరంజా మీద నుంచో పని చేయాలి. పీ100 ఫిల్టరు మాస్కు తప్పనిసరి, గుడ్డ మాస్కు పనికిరాదు. సబ్బునీళ్ళు చల్లి, ఇదివరకే పగిలిన అంచు నుంచి చిన్న ముక్క తీసి, రెండు సంచుల్లో మూసి, చోటు, తేదీ రాయాలి. తీసిన చోట టేపు అంటించాలి. ఒక్కో రకం వస్తువుకు వేరే నమూనా కావాలి.

5. "ఇరవై ఏళ్ళుగా ఇందులోనే ఉన్నాం, ఎవరికేమైంది?"

ఈ జబ్బులు తేలడానికే ఇరవై నుంచి నలభై ఏళ్ళు పట్టవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సరు, మెసోథీలియోమా, ఆస్బెస్టోసిస్ అలా వచ్చేవే. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం తేల్చింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్ళు దాచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది ఇందుకే. చెక్కుచెదరని రేకు కింద ప్రమాదం తక్కువ. కోసినా, రంధ్రం వేసినా, పగలగొట్టినా ప్రమాదం పెరుగుతుంది. కూల్చివేత అంటే ఆ పనులన్నీ ఒకే రోజు చేయడం.

6. "ముక్కలు చేసి మలబాలో (శిథిలాల్లో) కలిపేయండి"

ఇంతకన్నా చెడ్డ సలహా లేదు. నాగోలు పక్కన ఫతుల్లాగూడలో భవన శిథిలాలను దంచి ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంటు ఉంది. రేకుముక్కలు అందులో పడితే విషం పిండి అయి కొత్త గోడల్లోకి చేరుతుంది. 2016 నాటి హానికర వ్యర్థాల నియమాలు పారేసిన ఆస్బెస్టాస్‌ను తమ జాబితాలో చేర్చాయి. రేకులను తడిపి, పగలకుండా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించి, దుండిగల్‌లోని హానికర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటు చేసుకోండి.

సర్వే ముగిశాక ఏ గదిలో ఏముందో, ఎంత ఉందో, ఏ స్థితిలో ఉందో ప్లానులో గుర్తులు పెట్టి ఫోటోలతో రాయించండి. చూడలేకపోయిన చోట్లు కూడా అందులో ఉండాలి. కూల్చే కాంట్రాక్టరుతో బేరానికి ముందే ఆ కాగితం ఇచ్చి, ఆస్బెస్టాస్ తొలగింపు ఖర్చు ధరలో కలిపించండి. మేస్త్రీ చేత కూలీలందరికీ చదివి వినిపించండి. దుమ్ము మొదట పీల్చేది వాళ్ళే. అందులో ఏముందో తెలుసుకునే హక్కు కూడా మొదట వాళ్ళదే.