కొత్తిమీర వారి మీద దావా

ప్రతివాది పేరు కొత్తిమీర. నివాసం మా ఫ్రిజ్ కింది అరలో, తడిగుడ్డ చుట్టుకుని. వృత్తి, ఇంట్లో వండిన ప్రతిదాని నెత్తినా ఎక్కి కూర్చోవడం.

ఉప్మా అయినా, పప్పయినా, నిన్నటి బంగాళదుంప వేపుడు మళ్ళీ వెచ్చబెట్టినా, పైన నాలుగు ఆకులు పడితే తప్ప గిన్నె బల్ల మీదికి రాదు. ఆకుతోపాటు ఆరోగ్య ప్రవచనం కొసరు. "ఏ, సీ, కే విటమిన్లన్నీ ఉన్నాయండీ, కళ్ళకి మంచిది" అంటుంది మా ఆవిడ. ఉన్నాయి, కాదనను. నూరు గ్రాముల పచ్చి ఆకులో 27 మిల్లీగ్రాముల సీ విటమిన్ ఉంటుంది. నూరు గ్రాములంటే బాగా పెద్ద కట్ట. నా ఉప్మా మీద రాలినవి అయిదారు ఆకులు. వాటితోనే నా కళ్ళజోడు అక్కర్లేకుండా పోవాలట! మరిగే చారులో పడేస్తే ఆ సీ విటమిన్‌లోనూ కొంత వేడికి ఆహుతి.

తినదలిస్తే తినే దారులు లేకపోలేదు. లేత వంకాయల్ని గుత్తుగా చీల్చి, కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం కచ్చాపచ్చాగా దంచి కూరి, నూనెలో మగ్గబెట్టండి. కట్టకి కట్టా కడుపులోకి పోతుంది. చింతపండు వేసి రోట్లో నూరిన పచ్చడీ అంతే, వేడన్నంలో నెయ్యితో. ఈ రెండూ అడిగితే "ఆకంతా ఎవరు బాగుచేస్తారు?" అని ఎదురు ప్రశ్న. కాడలు పారెయ్యకు, థాయ్‌లాండ్‌లో వేళ్ళు కూడా నూరి కూరల్లో వేస్తారు అన్నాను. "అయితే అక్కడికే వెళ్ళి భోంచేయండి" అన్న తీర్పు వెంటనే వచ్చింది.

చాకిరీ అంతా ధనియాలది, పేరు మాత్రం ఆకుది. చారుపొడికీ, సాంబారుపొడికీ, కూరకారానికీ ప్రాణం ధనియాలే. వేయిస్తుంటే వీధి చివరికి వాసన వెళుతుంది. పాపం, ఈ మధ్య వాటినీ ఫోన్లలోకి ఈడ్చారు. రాత్రి నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళు తాగితే షుగరు, థైరాయిడు, కీళ్ళనొప్పులు ఏకకాలంలో పరారట. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చక్కెర తగ్గిన మాట వాస్తవమే. మా ఇంట్లో ఎలుక నేను. (అజీర్తి చేసినప్పుడు మా అమ్మ కాచి ఇచ్చే ధనియాల కషాయం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.)

మా తోడల్లుడి కొడుక్కి కొత్తిమీర సబ్బు కంపు కొడుతుంది. వాసన పసిగట్టే ఒక జన్యువులో తేడా వల్ల కొందరికి అలా అనిపిస్తుందని 2012లో తేల్చారు. వాడొస్తే ఆకు వేయకముందే విడిగా ఓ గిన్నె తీసి ఉంచుతారు. అంత ఉపయోగపడే జన్యువు నాకెందుకు రాలేదో పితృదేవతలు చెప్పాలి.

ధర సంగతి ఎత్తితే బీపీ పెరుగుతుంది. ఒకప్పుడు కూరలు కొంటే సంచీలో ఊరికే పడేసేవారు. ఎండలు ముదిరితే ఈ మొక్క ఓర్చుకోలేక, ఆకు మానేసి పూతకొస్తుంది. అప్పుడు కట్ట సన్నబడుతుంది, ధర బలుస్తుంది. అప్పుడే మా ఆవిడకి నాటుదే కావాలి. కుండీలో వేసుకుందామంటే ధనియాల్ని నలిపి రెండు బద్దలు చేసి చల్లి, వారం పది రోజులు మట్టి వంక చూస్తూ కూర్చోవాలి.

పోయినేడు మా మామగారికి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రాశారు. ఆకుకూరల్లోని కే విటమిన్ దానికి అడ్డు తగులుతుంది కనుక, మానక్కర్లేదు గానీ రోజూ ఒకే మోతాదులో తినండి అన్నారు డాక్టరు. నాటి నుంచీ ఆయన పప్పు మీద ఆకులు లెక్కపెట్టి వేస్తున్నారు. లెక్కకి మిగిలినవన్నీ నా కంచంలోకి.

దావాలో నేను కోరేది వారానికొకసారి కొత్తిమీర కారం పెట్టిన వంకాయ కూర. కోర్టు ఖర్చులు ప్రతివాది భరించనక్కర్లేదు. కట్టలు నేనే తెస్తాను, నాటువే.