నా నంబరు 7152

నాకు పేరుకంటే ముందు నంబరు వచ్చింది. 1963 జూన్ 20న న్యూయార్క్ ప్రతినిధి ఇమాన్యుయేల్ సెల్లర్ నన్ను అమెరికా ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టారు. ఆ రోజునుంచి నేను హెచ్.ఆర్. 7152 అనే బిల్లును. హోటల్లో గది, సినిమా హాల్లో సీటు, బడి, వీటిలో దేన్నీ ఒంటి రంగు చూసి కాదనకూడదని నా ఒంటినిండా రాశారు.

నన్ను కోరుకున్నది అధ్యక్షుడు కెనెడీ. కానీ అక్కడ అధ్యక్షుడు తానే బిల్లు పెట్టలేడు. సభ్యుడెవరో పెట్టాలి. మీ ఢిల్లీలో మంత్రి బిల్లు తెస్తే ఆయన వెనకాల లోక్‌సభలో మెజారిటీ కూర్చుని ఉంటుంది. అక్కడ మంత్రులకు సభలో చోటే లేదు, సొంత పార్టీవాళ్లే అడ్డం తిరగవచ్చు. నాకు అడ్డుపడినవాళ్లలో ఎక్కువమంది కెనెడీ పార్టీవాళ్లే, దక్షిణాది డెమోక్రాట్లు.

సెల్లర్ తెలుగువాళ్లకు తెలియాల్సిన మనిషి. భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున వలస కోటా ఇచ్చిన 1946 చట్టంలో ఆయన పేరుంది. ఆ కోటాల పద్ధతినే ఎత్తేసిన 1965 చట్టంలోనూ ఉంది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరింది ఆ తర్వాతే.

సెల్లర్ జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్ కూడా కావడంతో నా మొదటి మజిలీ ఆయన చేతికిందే గడిచింది. చాలా బిల్లులకు కమిటీయే శ్మశానం. ఛైర్మన్ విచారణకు పిలవకపోతే చాలు, రెండేళ్ల కాంగ్రెస్ ముగిసేసరికి బిల్లు చచ్చిపోతుంది. అందుకే నా శత్రువులకు నన్ను ఓడించాల్సిన పనిలేదు, ఆలస్యం చేస్తే సరిపోతుంది. సబ్‌కమిటీ నన్ను పదునెక్కించింది. ఒహాయో రిపబ్లికన్ విలియం మెక్‌కలక్‌తో ఒప్పందం కుదరడానికి ఆ పదును కొంత తగ్గించారు. నవంబర్ 20న కమిటీ గడప దాటాను. రెండు రోజులకు డాలస్‌లో కెనెడీని కాల్చి చంపారు.

ఆయన స్థానంలోకి వచ్చిన జాన్సన్ నవంబర్ 27న ఉభయసభల ముందు నిలబడి, నన్ను త్వరగా ఆమోదించడమే కెనెడీకి తగిన నివాళి అన్నారు. అప్పటికి నేను రూల్స్ కమిటీలో ఉన్నాను. ఏ బిల్లు ఎప్పుడు సభకు రావాలో, దానిమీద ఎంతసేపు చర్చ జరగాలో చెప్పేది ఆ కమిటీ. దాని ఛైర్మన్ వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్ నన్ను కదలనివ్వలేదు. అలాంటి ఛైర్మన్‌ను దాటడానికి ఒక దారుంది: సభలో సగానికి మించి, అంటే 218 మంది, డిశ్చార్జ్ పిటిషన్ మీద సంతకం పెడితే బిల్లు కమిటీ చేతిలోంచి బయటపడుతుంది. సెల్లర్ ఆ పిటిషన్ పెట్టారు. సంతకాలు పెరుగుతుంటే స్మిత్ జనవరిలో విచారణలకు ఒప్పుకున్నారు.

ఆ స్మిత్ చేతిమీదుగానే నాలో ఒక గొప్ప మాట చేరింది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే నా ఏడో అధ్యాయంలో జాతి, మతాలతోపాటు స్త్రీ పురుష భేదాన్ని కూడా చేర్చాలని ఫిబ్రవరి 8న ఆయన సవరణ తెచ్చారు. నన్ను ముంచడానికి తెచ్చారా, మనస్ఫూర్తిగా తెచ్చారా అని ఇప్పటికీ వాదిస్తుంటారు. మార్తా గ్రిఫిత్స్ లాంటి మహిళా సభ్యులు మాత్రం లేచి గట్టిగా సమర్థించారు. 168–133తో అది నెగ్గింది. తెచ్చినవాళ్ల ఉద్దేశం ఏదైనా, తర్వాత లక్షలాది ఆడవాళ్లు ఆ ఒక్క మాట పట్టుకునే న్యాయం అడిగారు. రెండు రోజులకు సభ నన్ను 290–130తో ఆమోదించింది.

ఇక సెనేట్. అక్కడి జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్ మిసిసిపీకి చెందిన జేమ్స్ ఈస్ట్‌లాండ్. పౌరహక్కుల బిల్లు ఆయన దగ్గరికి వెళితే తిరిగిరాదు. మెజారిటీ నాయకుడు మైక్ మాన్స్‌ఫీల్డ్ నన్ను అక్కడికి పంపకుండా నేరుగా సభ కార్యక్రమాల పట్టీలో పెట్టించారు. కమిటీని తప్పించుకున్నాను కానీ ఫిలిబస్టర్‌ను ఎవరూ తప్పించలేరు. సెనేటర్ మాట్లాడుతున్నంతసేపు ఓటింగ్ పెట్టకూడదు. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకుంటారు. జార్జియా సెనేటర్ రిచర్డ్ రస్సెల్ దక్షిణాది బృందాన్ని జట్లుగా విడదీసి వంతులవారీగా మాట్లాడించారు. నన్ను చర్చకు తీసుకోవాలా వద్దా అన్నదానికే మార్చి 9 నుంచి 26 దాకా పట్టింది.

ఆ మాటల వరదను ఆపాలంటే క్లోచర్ తీర్మానానికి అప్పట్లో మూడింట రెండు వంతులు, 67 ఓట్లు కావాల్సి ఉండేది. రిపబ్లికన్లు కలవకుండా ఆ లెక్క తేలదు. డెమోక్రాట్ సెనేటర్ హ్యూబర్ట్ హంఫ్రీ వాళ్ల నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్‌తో వారాల తరబడి కూర్చున్నారు. వాక్యం వాక్యం బేరం నడిచింది. అందులో నేను ఒక ఆయుధం వదులుకున్నాను: ఉద్యోగ వివక్షను విచారించే కమిషన్‌కు, తానే కోర్టుకెక్కే అధికారం పోయింది.

జూన్ 10 ఉదయం నన్ను వ్యతిరేకించిన సెనేటర్ రాబర్ట్ బర్డ్ 14 గంటలకు పైగా సాగిన తన ప్రసంగం ముగించారు. ఓటింగ్ మొదలైంది. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్ పేరు పిలిచారు. మెదడులో కణితితో ఆయన మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో వచ్చిన ఆ మనిషి చెయ్యెత్తి తన కన్ను చూపించారు. ఇంగ్లీషులో కన్ను, సమ్మతి పలకడానికి ఒకటే. ఓటు లెక్కకెక్కింది. 71–29. అవునన్నవాళ్లలో 27 మంది రిపబ్లికన్లు. పౌరహక్కుల బిల్లు మీద ఫిలిబస్టర్‌ను సెనేట్ ఓటేసి ఆపడం అదే మొదటిసారి. నా కథలో అన్నిటికంటే పెద్ద రోజు అదే అంటాను, సంతకం రోజు కాదు.

జూన్ 19న సెనేట్ 73–27తో ఆమోదించింది. రెండు సభలూ ఒకే పాఠానికి ఒప్పుకుంటే తప్ప బిల్లు అధ్యక్షుడి దగ్గరికి వెళ్లదు. ప్రతినిధుల సభ మళ్లీ మార్పులు కోరితే నేను మళ్లీ ఫిలిబస్టర్ పాలయ్యేదాన్ని. సభ సెనేట్ పాఠాన్నే ఉన్నదున్నట్టు 289–126తో ఒప్పుకుంది. అదే రోజు, 1964 జూలై 2 సాయంత్రం, జాన్సన్ సంతకం పెట్టారు. పౌరహక్కుల చట్టం, పబ్లిక్ లా 88–352 అయ్యాను.

అట్లాంటాలోని ఒక మోటల్ యజమాని నా మీద సుప్రీంకోర్టుకెళ్లాడు. డిసెంబర్ 14న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా నన్ను నిలబెట్టారు. బేరంలో పోయిన అధికారం మాత్రం వెంటనే రాలేదు. కమిషన్‌కు కోర్టుకెక్కే హక్కు ఇవ్వడానికి కాంగ్రెస్‌లో మరో బిల్లు పుట్టి, ఇలాగే కమిటీలు, ఓట్లు దాటుకుని 1972లో చట్టమైంది.