వినాయకుణ్ని తప్పించి గుచ్చుకోరా

విజయవాడలో కాపురముంటూ, ఆటోనగర్‌ని కూతవేటు దూరంలో పెట్టుకుని, బండి క్లచ్ ప్లేట్లు ఇంట్లోనే మార్చుకుంటాననడం కృష్ణ ఒడ్డున ఇల్లు కట్టుకుని పెరట్లో బావి తవ్వుకోవడమే. లారీని బోల్టు బోల్టుగా విప్పి మళ్లీ లారీ చేసి పంపే ఊరిది. అయినా తవ్వాను. కారణం, మాది 1994 మోడల్ ఆర్‌ఎక్స్ హండ్రెడ్. ఈ 98 సీసీ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అప్పట్నుంచీ ఏ షెడ్డుకి తీసుకెళ్లినా రోగమేంటని అడగరు, "అమ్ముతారా సార్?" అని అడుగుతారు. మా నాన్నగారు కొన్న బండి, అమ్మనంటే అవతలి మనిషికి పానా పట్టుకునే ఓపిక ఒక్కసారిగా తగ్గిపోతుంది.

రోగం బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బయటపడింది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను గొంతు చించుకుంటోంది, చక్రానికి మాత్రం ఆ వార్త చేరడం లేదు. ఏడుగురిని ఎక్కించుకున్న ఆటో ఒకటి మమ్మల్ని దాటిపోయింది. "ఏమండీ, ఆ ఆటోని ఆపమననా?" అంది మా ఆవిడ వెనకనుంచి, ఎంతో మర్యాదగా.

క్లచ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గేరాయిల్లో మునిగి ఒక రాపిడి ప్లేటు, ఒక స్టీలు ప్లేటు, మళ్లీ రాపిడి ప్లేటు, ఇలా వరసగా ఉంటాయి. స్ప్రింగులు వాటిని అదిమి పట్టుకుంటే ఇంజను బలం చక్రానికి వెళ్తుంది. లీవరు నొక్కితే పట్టు వదులుతాయి. సిగ్నల్ దగ్గర లీవరు సగం నొక్కి బండిని ముందుకూ వెనక్కూ ఊపుతూ నిలబడతామే, అదుగో, ఆ హాఫ్ క్లచ్‌లోనే ప్లేట్లు అరిగిపోతాయి. అరిగిన ప్లేట్లని స్ప్రింగులు ఎంత అదిమినా జారుతూనే ఉంటాయి. బెంజ్ సర్కిల్ కింద అరగదీసిందానికి పైన ఫలితం అనుభవించామన్నమాట.

నా అనుభవంలో తేలిందేంటంటే, క్లచ్‌లో కష్టం క్లచ్‌లో లేదు. దాని దాకా చేరడంలో ఉంది. కుడిపక్క కవరుకి ఉన్న స్క్రూల తల మీద ప్లస్ గుర్తుంటుంది. చూడగానే ఇంట్లో ఉన్న స్టార్ స్క్రూడ్రైవరు చాలుననిపిస్తుంది. చాలదు. మన డబ్బాలో ఉండేది ఫిలిప్స్, ఆ గాడి జపాను వాళ్ల జేఐఎస్. ఫిలిప్స్ మొన అందులో అడుగంటా దిగదు, బలం పెట్టేకొద్దీ పైకి తన్నుకొచ్చి గాడిని కొరికేస్తుంది. ఇక ఆ స్క్రూ మనకి దక్కదు. అందుకని ఇంపాక్ట్ డ్రైవరు కొన్నాను. వెనకనుంచి సుత్తితో కొడితే ముందున్న మొన తిరుగుతుంది. దాని ఖరీదు ప్లేట్ల సెట్టు కన్నా ఎక్కువని ఇంట్లో చెప్పలేదు. రసీదు చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం సెల్లారులో సుత్తి దెబ్బ పడితే అపార్ట్‌మెంటు మొత్తానికీ పిలుపే. లుంగీలతో దిగారు. రిటైరైన బ్యాంకు మేనేజరుగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మా చేతక్ అయితే ఒకసారి పక్కకి వంచితే సరిపోయేదండీ" అన్నారు. ఆయన దృష్టిలో ఏ వాహనానికి ఏ జబ్బు చేసినా మందు అదొక్కటే. మా బావమరిది ఫోన్లో ఇండోనేషియా వీడియో పెట్టాడు. అక్కడ దీని అన్న వరసైన ఆర్‌ఎక్స్ కింగ్‌కి వీరాభిమానులున్నారు. "బావా, ఇక్కడ అతనేదో గట్టిగా వద్దంటున్నాడు" అన్నాడు. ఏం వద్దంటున్నాడో ఇద్దరికీ తెలీలేదు. ఆ భయంతోనే మిగతా పనంతా జాగ్రత్తగా చేశాను.

స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. ఏది ఎక్కడిదో తెలియాలంటే అట్ట మీద కవరు బొమ్మ గీసి, తీసినవాటిని తీసినచోటే గుచ్చాలి. ఇంట్లో దొరికిన మందపాటి అట్ట ఓ శుభలేఖ. అమ్మ చూసింది.

"ఒరేయ్, ఇంకా పెళ్లే కాలేదు! వినాయకుడి పొట్టలో మేకులేంట్రా?"

"మేకులు కాదమ్మా, స్క్రూలు."

"ఏవైతేనేం, ఆయన్ని తప్పించి గుచ్చుకో. అదుగో, అటు మగపెళ్లివారి పేర్లున్నాయి."

కిక్ రాడ్ తీసి, కవరుకే అంటిపెట్టుకుని ఉండే టూటీ ఆయిల్ పంపు గొట్టం ఊడదీసి, దాన్ని కారకుండా మూసి, కవరు లాగాక లోపలి క్లచ్ దర్శనమిచ్చింది. స్టీలు ప్లేట్లలో కొన్ని వేడికి నీలం తిరిగాయి. వంపు తిరిగాయేమోనని అద్దం మీద పడుకోబెట్టి, అంచుల కింద ఫీలర్ గేజి దూర్చి చూశాను. అద్దం మా ఆవిడది. కొత్త రాపిడి ప్లేట్లు ముందురాత్రి నుంచే బిర్యానీ పార్సిల్ డబ్బాలో గేరాయిల్ తాగుతూ ఉన్నాయి. పొడి ప్లేట్లు ఎక్కిస్తే మొదటి రోజే మాడిపోతాయి.

వాటిని ఎక్కించడం, టీ చల్లారేలోపు అయిపోయింది. స్ప్రింగు స్క్రూల్ని ఒకదాని తర్వాత దాని ఎదురుది, కొంచెం కొంచెంగా బిగిస్తూ పోవడమే. టీ మళ్లీ మళ్లీ చల్లారింది పాత ప్యాకింగు దగ్గర. కాగితం ముక్కే కదా అనుకుంటాం. ఎవరో పూర్వపు మెకానిక్ అది యుగాంతం దాకా ఉండాలని గమ్ము పూసి వెళ్లాడు. గట్టిగా గీకితే అల్యూమినియం మీద గీత పడుతుంది, గీత పడితే ఆయిలు కారుతుంది. థిన్నర్ రాసి, బ్లేడు పడుకోబెట్టి, మెల్లగా గీకుతూనే ఉన్నాను. ఈలోగా బ్యాంకు మేనేజరుగారు పైకెళ్లి, నిద్రపోయి, లేచి మళ్లీ వచ్చారు. "ఇంకా వంచలేదా?" అన్నారు.

చివర్లో ఒక మెలిక ఉంది. గొట్టం ఊడదీశాం కాబట్టి పంపులో గాలి చేరుతుంది. గాలి ఉంటే ఆయిలు అందదు, ఆయిలు అందకపోతే పిస్టన్ పట్టేస్తుంది. బుడగలు ఆగేదాకా పంపు స్క్రూ వదులు చేసి కారనిచ్చాను. అయినా లైను నిండేదాకా భరోసా కోసం పెట్రోల్లో కూడా కాస్త టూటీ ఆయిల్ కలిపాను. అంటే అటు పంపు నుంచీ ఇటు ట్యాంకు నుంచీ ఆయిలే.

కిక్ కొట్టాను. సెల్లారు కనపడలేదు. తెల్లటి పొగ మెట్లెక్కి పై అంతస్తులకి పోయింది. మా బావమరిది దగ్గు మాత్రం వినిపిస్తోంది, మనిషి ఎక్కడున్నాడో తెలీదు. ఫస్ట్ గేరు వేసి లీవరు వదిలాను. ఎక్కడా జారకుండా బండి సందులోకి దూకింది. పొగా నా వెంటే వచ్చింది. రెండో అంతస్తు బాల్కనీలోంచి పిన్నిగారు చేతులు జోడించినంత పని చేశారు.

"ఎన్నాళ్లకి వచ్చావయ్యా ఫాగింగూ! దోమలు తినేస్తున్నాయి. ఆ వెనక కాలవ వైపు కూడా ఒక రౌండు కొట్టు నాయనా."

కొట్టాను. సెకండ్ గేరులో.