ఇచ్చిన అవార్డు వాపసు తీసుకోబడదు

2023 జులైలో మదనపల్లె టమాటా కిలో రెండొందల దరిదాపుకు ఎగబాకి జనం గగ్గోలు పెడుతుంటే, ఢిల్లీలో ఒక పార్లమెంటు స్థాయీసంఘం అంతకన్నా గడ్డు సమస్యను పట్టుకుంది. కవులు అవార్డులు తిరిగిచ్చేస్తున్నారట! దేశానికి తలవంపులట! అందుకని ఇకమీదట అవార్డు చేతిలో పెట్టేముందే, రాజకీయ కారణాలతో వెనక్కివ్వనని రచయిత చేత రాయించుకోవాలంది. ఆ సంఘానికి అప్పటి అధ్యక్షుడు మన విజయసాయిరెడ్డి గారే. దేశ సాహిత్యానికి ఆంధ్రులేమిచ్చారని ఇక ఎవరూ అడగలేరు.

ఇంతకీ ఆ రాజకీయ కారణమేమిటంటే, 2015 ఆగస్టు 30 పొద్దున ధార్వాడలో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆయనా సాహిత్య అకాడమీ అవార్డు గ్రహీతే. అకాడమీ కార్యవర్గం కూర్చుని ఖండన తీర్మానం చేసేసరికి అక్టోబరు 23 అయింది. ఈలోగా ఉదయ్ ప్రకాశ్, నయనతారా సెహగల్ మొదలుకొని దాదాపు నలభైమంది అవార్డులు వద్దనేశారు. ఆ తీర్మానంలోనే ఇంకో విన్నపమూ ఉంది: దయచేసి మీ అవార్డులు మీరు తీసుకోండి! బట్టల కొట్లో గోడకు వేలాడుతుంది చూడండి, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని. అకాడమీకి ఆ బోర్డు ఒక్కటే తక్కువైంది. స్థాయీసంఘం ఆ లోటు తీర్చబోయింది.

ఈ హామీపత్రం నూరేళ్ల ముందే మదనపల్లె చేరి ఉంటే ఎంత బాగుండేది! 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేశాడు. జనగణమనను ఇంగ్లీషు చేసింది ఇక్కడే. మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాసింది. అప్పటికాయన 'సర్' రవీంద్రనాథ్. నాలుగు నెలలు తిరక్కుండానే, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా ఆ 'సర్'ను తీసేసుకొమ్మని వైస్రాయికి ఉత్తరం రాశాడు. అచ్చమైన రాజకీయ కారణం! మార్గరెట్ భర్త జేమ్స్ కజిన్స్ గారు అన్నం పెట్టిన రోజే ఓ సంతకం పెట్టించుకుని ఉండాల్సింది. ఏం లాభం, ఆయన ఐరిష్ కవి. ఇంగ్లండు పరువు మీద ఆయనకేం బెంగ?

పత్రాన్ని మూడు భాషల్లో అచ్చేయాలంటే కుప్పం ఉండనే ఉంది. పొలిమేర దాటితే ఒకవైపు కన్నడం, ఒకవైపు తమిళం, ఊళ్లో ద్రావిడ విశ్వవిద్యాలయం. కాకపోతే తమిళ ప్రతిలో చిన్న చిక్కు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ అవార్డు వెనక్కివ్వలేదు. నవల మీద గొడవ చేసి ఊపిరాడనివ్వకపోతే, 2015 జనవరిలో తనలోని రచయిత చచ్చిపోయాడని ప్రకటించి ఏకంగా రాతనే వెనక్కిచ్చేశాడు. దీన్ని ఏ గడిలో రాయాలి? మరుసటేడు మద్రాసు హైకోర్టు ఆయన్ను మళ్లీ రాసుకోమంది గానీ, గడి సంగతి తేల్చలేదు.

నన్నడిగితే, తామ్రఫలకం బదులు పుంగనూరు ఆవునివ్వాలి. మహా అయితే మూడడుగుల ఎత్తు, వరండాలో కట్టేసుకోవచ్చు, పాలలో వెన్న మెండు. రాగిరేకును పోస్టులో పంపినట్టు ఆవును పంపలేరు. నాలుగు రోజులు మేపాక పంపడానికి ఏ కవికీ మనసూ రాదు. సంతకాలతో పనే లేదు.

లేదు, సంతకమే కావాలంటారా? సరే సామీ. పత్రానికి ఎడంపక్క రచయిత చేస్తాడు. ఇతని గుమ్మంలోకి తుపాకీ రానివ్వమని కుడిపక్క ఎవరు చేస్తారప్పా?