హెడ్‌ఫోన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మధ్యమము చాలునందురు, మనసు మాత్రము శిఖరమున నిలుచును, ఆంపు సంగతి పిదప చూతము, ఇంట నడిగిన సగము ధర చెప్పుదము.

అవతారిక: ఈ సూత్రకర్త ఎవరో తెలియదు. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ కొనబోయే ప్రతివాడూ ఏదో ఒక రాత్రి దీన్ని తనకు తానే చెప్పుకుంటాడు కనుక కర్తృత్వ వివాదం జోలికి వ్యాఖ్యాత పోడు. నాలుగే వాక్యాలు. మొదటి రెంటికీ లోకంలో వ్యాఖ్యలు కొల్లలు. మూడోదాన్ని మాత్రం అందరూ దాటేసి పోతారు. అసలు కీలకం అందులోనే ఉందని ఈ టీకా పక్షం. మూలంలో లేనిది రాయనన్న కోలాచల మల్లినాథసూరి నియమం ఇక్కడ కొంత సడలక తప్పదు. మెదక్ సీమకు చెందిన ఆ మహానుభావుడికి కాళిదాసు దొరికాడు; ఈ వ్యాఖ్యాతకు ధరల పట్టిక దొరికింది.

ప్రతిపదార్థం: మధ్యమము = స్టాక్స్ వారి ఎల్ వరుస, కాస్ వారి ఈఎస్‌పీ 950 మొదలైనవి; చాలునందురు = అవి కొనుక్కున్నవారు అందురు; మనసు మాత్రము = జేబు రాకున్నను; శిఖరమున = అదే స్టాక్స్ వారి ఎస్‌ఆర్-ఎక్స్9000 మీద; నిలుచును = దిగి రాదు; ఆంపు = ఆ హెడ్‌ఫోన్‌కు ప్రాణం పోసే పెట్టె; పిదప = ఎన్నటికో; సగము ధర = సగంలో సగమని పాఠాంతరం.

వ్యాఖ్య: ముందు వస్తువేమిటో చెప్పాలి. మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట, వాటికి అతికిన ఒక పొర ఉంటాయి. ఎలక్ట్రోస్టాటిక్‌లో చుట్టా లేదు, అయస్కాంతమూ లేదు. రెండు జల్లెడల మధ్య బిగించి కట్టిన గాజుకాగితం లాంటి పొర ఒక్కటే ఉంటుంది. ఆ పొర మందం రెండు మైక్రాన్లకు లోపు; మనిషి వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. స్టాక్స్ వారి పొర మీద 580 వోల్టుల డీసీ ఎప్పుడూ నిలిచి ఉంటుంది. పాట రెండు జల్లెడలకూ ఎదురెదురు వోల్టేజీగా వెళుతుంది. ఒకటి లాగినప్పుడు రెండోది తోస్తుంది. ఆ లాగుడూ తోపుడూ పొర మొత్తానికి ఒకేసారి అందుతాయి కనుక, మధ్యలో ఒకచోట పట్టుకుని ఊపినప్పుడు అంచుల్లో పుట్టే వంకరలు ఇక్కడ చాలా తక్కువ. వీణ మీటు మొదలు, మృదంగం మీద వేలి అంచు తాకిన చప్పుడు విడివిడిగా వినిపించడానికి కారణం ఇదే. 580 వోల్టులు చెవి పక్కనే అనగానే గుండె జారనక్కరలేదు. అది మెగా ఓముల నిరోధకం దాటి వచ్చే విద్యుత్తు, అందులో ప్రవాహం నామమాత్రం.

జపాన్‌లో 1938లో పుట్టిన స్టాక్స్ సంస్థ 1959లో ఎస్‌ఆర్-1 అనే తొలి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌ను చూపించింది. 1979లో లాంబ్డా వచ్చింది. చెవుల మీద రెండు చిన్న పెట్టెలు నిలబెట్టినట్టుండే ఆ ఆకారం ఎల్300, ఎల్500, ఎల్700ల దాకా మారలేదు. అందచందాల్లో ఇది ఎవరినీ మోసం చేయదు. పెట్టుకుని అద్దంలో చూసుకోవడం శాస్త్ర నిషిద్ధం.

‘మధ్యమము చాలునందురు’ అన్నదానికి పూర్వపక్షం: చవకైనదానిలో ఏదో కోత ఉండే తీరాలి కదా? సమాధానం: ఉంది, కానీ వెతికేచోట లేదు. 2011లో వచ్చిన ఎస్‌ఆర్-009 కోసం స్టాక్స్ వారు పలచటి లోహపు రేకుల్ని పొరలు పొరలుగా కలిపి జల్లెడ చేసే పద్ధతి కనిపెట్టారు. తర్వాత నాలుగేళ్లకు వచ్చిన ఎల్700లోకి అదే విద్య దిగివచ్చింది. అంటే చప్పుడు పుట్టే చోట కొడుకు తండ్రి పోలికే. కోత కోసింది తలమీద వాలే ప్లాస్టిక్ వంపులో, చట్రంలో. ఎక్స్9000 ధర 2021లో 6,200 డాలర్లు; ఎల్700 దానిలో దాదాపు పావు వంతు. కాస్ ఈఎస్‌పీ 950ది ఇంకో దారి. 1990 నాటి ఆ అమెరికన్ సెట్‌లో హెడ్‌ఫోన్‌తోపాటు దాని 600 వోల్టుల పెట్టె కూడా కలిసే వస్తుంది, అంతా కలిపి వెయ్యి డాలర్ల లెక్క ఉండేది. పట్టుకుంటే బొమ్మల కొట్లో సరుకులా ఉంటుంది. వింటే ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

మరి శిఖరంలో ఏముంది? ఎక్స్9000 పొర అంతకుముందు శిఖరం కంటే దాదాపు ఇరవై శాతం పెద్దది. 1993 నాటి ఎస్‌ఆర్-ఒమెగాలో వాడి, తయారీ కష్టమని వదిలేసిన లోహపు వలను మళ్లీ తీసుకొచ్చి కొత్త జల్లెడలో కలిపారు. అల్యూమినియం, స్టీలు, తోలు. బరువు తీగ కాక 432 గ్రాములు. సంగీతం తల చుట్టూ విశాలంగా పరుచుకుంటుంది, గాయకుడికీ తంబురాకీ మధ్య జాగా తెలుస్తుంది. ఇది అబద్ధం కాదు. అయితే ఈ విశాలత్వానికి నాలుగు రెట్ల ధర తగునా అన్నది శాస్త్రం తేల్చదు, బ్యాంకు తేలుస్తుంది.

ఇక్కడొక శబ్ద ప్రకరణం. చెవుల మీద మెత్తల్ని నొక్కినప్పుడు లోపలి గాలి పొరను తోసేసి ఒక అపానవాయు ధ్వని వెలువడుతుంది. మధ్యమానికీ శిఖరానికీ ఇందులో భేదం లేదు. తొలిసారి విన్న కొత్త యజమానులు వారంటీ కార్డు వెతుక్కుంటారు. దోషం కాదు, మెత్తలు చెవి చుట్టూ బిగువుగా అమరాయనడానికి సాక్ష్యం.

‘ఆంపు సంగతి పిదప చూతము’: ఈ వాక్యం దగ్గర వ్యాఖ్యాత గంటం ఆగుతుంది.

స్టాక్స్ హెడ్‌ఫోన్లు చవకవైనా ఖరీదైనవైనా 100 వోల్టులిస్తే సుమారు 100 డెసిబెల్స్ పలుకుతాయి. 12 వోల్టుల అడాప్టరు మీద నడిచే చిన్న పెట్టె ఎస్‌ఆర్‌ఎం-252ఎస్ 280 వోల్టుల దాకా ఇస్తుంది. శిఖరపు పెట్టె ఎస్‌ఆర్‌ఎం-టీ8000 ఇచ్చేది 470. లెక్క కడితే రెంటికీ తేడా నాలుగున్నర డెసిబెల్స్. “ఇంతేనా” అని సూత్రకర్త ఇక్కడే మోసపోయాడు. ఈ వోల్టులు 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచినవి. హెడ్‌ఫోన్ ఆంపుకు కనబడేది 110 పికోఫారడ్ల కెపాసిటర్‌గా, అందులో తీగ వాటా కూడా ఉంది. కెపాసిటర్ స్వభావమేమంటే పౌనఃపున్యం పెరిగినకొద్దీ ఎక్కువ ప్రవాహం అడుగుతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 400 వోల్టులు ఊపాలంటే అయిదు మిల్లీ ఆంపియర్లు దాటాలి. అంకె చిన్నదే. వందల వోల్టుల మీద అంత ప్రవాహం ఎప్పుడు అడిగితే అప్పుడు అందించాలంటే మాత్రం పెట్టె నిరంతరం వేడెక్కి కూర్చోవాలి. చిన్న పెట్టె మొత్తం తాగేదే నాలుగు వాట్లు. అందుకే మెల్లగా వింటున్నంతసేపు అది బుద్ధిమంతురాలు. నాగస్వరం, డోలు కలిసి విజృంభించాయంటే గొంతు పిసికినట్టవుతుంది. ఆ తప్పు విన్నవాళ్లు హెడ్‌ఫోన్ మీద వేస్తారు, వెంటనే శిఖరం కొంటారు, దాన్నీ ఆ పెట్టెకే తగిలిస్తారు.

ఇందుకు దృష్టాంతం జర్మనీ నుంచి. సెన్‌హైజర్ 1991లో ఆర్ఫియస్ అనే హెచ్‌ఈ 90ని 300 సెట్లకు పరిమితం చేసి, దానికోసమే కట్టిన వాల్వుల ఆంపుతో కలిపి అమ్మింది. అదే సంస్థ కొన్నాళ్లకు హెచ్‌ఈ 60 అనే మధ్యమాన్నీ తెచ్చింది, దానికీ తోడు ఆంపు ఉంది. హెడ్‌ఫోన్‌ను, పెట్టెను విడదీసి ఆలోచించలేదు. 2015లో ప్రకటించిన హెచ్‌ఈ 1లో మరో అడుగు వేశారు. హై వోల్టేజీ ఆంపు చివరి అంచెను చెవి గిన్నెల్లోకే ఎక్కించేశారు. అప్పుడు హై వోల్టేజీ తీగ పొడవునా పరుగెత్తనక్కరలేదు, తీగ కెపాసిటెన్స్ మింగే వాటా ఆదా అవుతుంది. ఎనిమిది వాల్వులు కరారా పాలరాతిలోంచి పైకి లేచి రావడం వేడుక కోసం. ఆ చెవి గిన్నెల పని అవసరం కోసం. ధర 50,000 యూరోల చుట్టూ ఉండేది కనుక ఇది దృష్టాంతం మాత్రమే, సిఫారసు కాదు.

సిద్ధాంతం: 1980ల ఆరంభంలో లాంబ్డా ప్రోతో స్టాక్స్ వారు అయిదు పుల్లల ప్లగ్గుకూ 580 వోల్టులకూ కట్టుబడ్డారు. అంతకు ముందరివి ఆరు పుల్లలు, 230 వోల్టులు. పాత పెట్టె చవగ్గా దొరికితే ఆ రంధ్రాలు లెక్కపెట్టుకోవాలి. అయిదు పుల్లలది ఏదైనా ఎల్300 మొదలు ఎక్స్9000 వరకు అన్నింటికీ సరిపోతుంది. కాబట్టి డబ్బు చేతిలో ఉన్నవాడు ముందు పెట్టె మీద పెట్టడమే ఈ టీకా మతం. ఎల్700ని 400 వోల్టుల ఎస్‌ఆర్‌ఎం-353ఎక్స్ లాంటిదానికో, నాలుగు ఈఎల్34 వాల్వుల బ్లూ హవాయి ఆంపుకో కలిపితే, చిన్న పెట్టె మీద వేలాడే ఎక్స్9000 కంటే తృప్తి ఎక్కువ. శిఖరం తర్వాతెప్పుడైనా అదే రంధ్రంలోకి వచ్చి కూర్చుంటుంది.

కోస్తాలో ఉండేవారికి ఒక ప్రత్యేక విధి: పొరమీది ఆవేశానికి తేమ బద్ధశత్రువు. సముద్రపు గాలి ఊరిన గదిలో ఒక చెవి మెల్లగా పలకడం మొదలైతే అది ఎల్300కైనా ఎక్స్9000కైనా ఒకటే. వాడనప్పుడు మూత కప్పి, పొడిచోట పెట్టడం కొనడంలో భాగమే.

‘ఇంట నడిగిన సగము ధర చెప్పుదము’: దీనికి దీర్ఘ వ్యాఖ్య అనవసరం. ఈ హెడ్‌ఫోన్లు వెనకవైపు తెరిచే ఉంటాయి, వినేవాడి పాట పక్కగదిలోనూ వినబడుతుంది, రహస్యం అక్కడే సగం పోతుంది. జపాన్ నుంచి బంధువుల చేత తెప్పించుకుంటే పెట్టె అడుగున 100 వోల్టులని రాసి ఉంటుంది. మన 230కి నేరుగా తగిలిస్తే పొగ వస్తుంది, కనుక ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని బల్లకింద పెట్టాలి. అదేమిటని ఇంట్లో అడుగుతారు. దిగుమతి సుంకం రసీదు పార్శిల్‌కే అంటించి వస్తుంది. టీ8000 లాంటిది తెచ్చుకుంటే అది మే నెల విజయవాడలో వంద వాట్లకు దగ్గరగా గదిని వేడి చేస్తుంది, ఏసీ బిల్లు వేరే పద్దు. సగము అన్నచోట మొత్తమని చదువుకోవడం సంప్రదాయజ్ఞుల పాఠం.