గీతకు అటూ ఇటూ

కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’లో ఒక గేయం ఉంది. అడవిలో ఆకుగా, పువ్వుగా, కొమ్మగా కలిసిపోవాలని మనిషి కోరుకునే గేయం. 1982లో ‘మేఘసందేశం’ సినిమాలో సుశీల పాడాక దాన్ని ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ సంగతి సరేసరి, ఘంటసాల గొంతులో అది ఇంటింటికీ చేరింది. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పిన రోజుల్లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రకృతి కవిత్వం పాఠం మొదలుపెట్టేదాన్ని. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ‘ఆనందం’, కుడివైపు ‘విషాదం’ అని రాసేదాన్ని. పిల్లలు నోట్సులో దించుకునేవారు. పరీక్షలో అదే రాస్తే మార్కులు వేసేదాన్ని.

ఒకమ్మాయి అలా రాయలేదు. కృష్ణశాస్త్రి గేయంలో మనిషి సంతోషంగా లేడని రాసింది. సంతోషంగా ఉన్నవాడు ఇక్కడే ఉండిపోనివ్వమని అంతగా బతిమాలుకోడు కదా అని అడిగింది. నేను ఎర్రసిరాతో ‘పాఠం సరిగా చదవలేదు’ అని రాసి మార్కులు తగ్గించాను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పాఠం సరిగా చదివింది ఆ పిల్లే.

పోనీ నాకు తెలియక చేశానా అంటే అదీ కాదు. 1920లో కృష్ణశాస్త్రి వైద్యం కోసం రైల్లో బళ్ళారి వెళుతుండగా దారిలో చూసిన ప్రకృతే ‘కృష్ణపక్షా’నికి ప్రేరణ అని క్లాసులో చెప్పేదాన్ని. 1922లో భార్య పోయిందని, 1925లో పుస్తకం వచ్చిందని చెప్పేదాన్ని. ఇవన్నీ నా దగ్గర బిట్ ప్రశ్నలుగా ఉండేవి. వాటిని ఒక్కసారైనా గేయం పక్కకు తెచ్చి చూసుకోలేదు. ఒంట్లో బాగాలేని మనిషి, కిటికీ పక్కన సీటు, చూపు నిలిచేలోపే వెనక్కి వెళ్ళిపోయే కొమ్మలు. అక్కడ దిగిపోవడానికి లేదు. దిగలేనివాడే ఆకునైపోతే బాగుండునని అనుకుంటాడు. ఆ గేయంలో పచ్చదనం ఎంత ఉందో, వెళ్ళిపోక తప్పదన్న దిగులూ అంత ఉంది. నేను మాత్రం సినిమా పాట వింటూ పచ్చదనమే చూశాను.

‘పుష్పవిలాపం’ విషయంలో నా తెలివితక్కువతనం ఇంకో రకం. పూజకని పూలు కోయబోయిన మనిషితో పూలు మాట్లాడతాయి. సూదులు గుచ్చి దండ కట్టడం, కొప్పుల్లో ముడవడం, వాడిపోగానే చీపురుతో చిమ్మి అవతల పారబోయడం, ఒక్కొక్కటీ ఎత్తి చూపుతాయి. ఈ పద్యాలు చదివి పిల్లల కళ్ళల్లో నీళ్ళు తెప్పించడం నాకు చేతనయ్యేది. జడలో మల్లెదండ పెట్టుకునే ఆ పాఠం చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ దండ సంగతి నాకు తట్టలేదు.

అయితే బావురుమన్న ఆ పూలు వెంటనే నిందకు దిగవు. తల్లితీగ ఒడిలో ఊగుతూ, గాలికి వాసన పంచుతూ, తుమ్మెదలకు విందు చేస్తూ బతికిన బతుకును ముందు చెప్పుకుంటాయి. ఆయువు తీరాక తల్లి పాదాల దగ్గరే రాలి కన్నుమూస్తామంటాయి. చావును అంత తృప్తిగా చెప్పిన పద్యం తెలుగులో నాకు ఇంకొకటి కనిపించలేదు. ఆ తృప్తిని మనం మధ్యలో తుంచేస్తున్నాం కాబట్టే తరవాత చేసే నింద అంత గట్టిగా తగులుతుంది. నేను ఆ భాగం గబగబా దాటేసి సూదుల దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

ఆ దాటేసిన భాగాన్ని మా అమ్మ రోజూ నా కళ్ళ ముందే చేసి చూపించింది. పెరట్లో పారిజాతం చెట్టు కింద చీకటి పడగానే పాత పంచె పరిచేది. తెల్లారేసరికి నారింజరంగు కాడలతో తెల్లటి పూలు పంచె నిండా రాలి ఉండేవి. నేలరాలిన పూలు పూజకు పనికిరావంటారు గానీ పారిజాతానికి ఆ పట్టింపు లేదు. మందారాలూ నందివర్ధనాలూ కూడా కోసేది, కాదనను. కానీ పారిజాతాలను ఎత్తుకునేటప్పుడు, “ఇవి అది ఇచ్చినవే. తక్కినవి మనం లాక్కున్నవి” అనేది. అదొక మడి మాట అనుకుని ఊరుకున్నాను. కరుణశ్రీ పద్యానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం మా ఇంట్లోనే వినబడుతుంటే, నేను దానికోసం లైబ్రరీలో వ్యాసాలు వెతికాను.

ఈ రెండింటిలో ఏది ఎక్కువ దుఃఖమని ఇప్పుడు నన్నడిగితే కృష్ణశాస్త్రిదే అంటాను. కరుణశ్రీ పూలకు తాము ఎక్కడ రాలాలో తెలుసు, అక్కడిదాకా వెళ్ళనివ్వమనే అడుగుతున్నాయి. ఆ మాట మనిషి వింటాడు కూడా, కోయకుండా వట్టి చేతులతో తిరిగి వస్తాడు. కృష్ణశాస్త్రి అడవిని అడిగాడు. ఔననడానికి గానీ కాదనడానికి గానీ అక్కడ ఎవరూ లేరు.