స్క్రోల్ లాక్ గారి కొలువు

సర్కారు ఒక పోస్టు రద్దు చేస్తే ఏమవుతుందో మా కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్ళకు బాగా తెలుసు. ఎన్టీఆర్ హయాంలో పటేల్ పట్వారీలు పోయారు. 2020లో వీఆర్వోలు పోయారు. పహాణీ కోసం తిరగడం మాత్రం పోలేదు. మనిషి పోతాడు, పని మిగులుతుంది. కంప్యూటర్ కీబోర్డు మీద దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ పని పోయి ఏళ్ళూ పూళ్ళూ గడిచినా పోస్టు అట్లనే ఉంటుంది. జాగ ఉంటుంది, నేమ్ ప్లేట్ ఉంటుంది, ఒకాయనకైతే సొంత దీపం కూడా ఉంటుంది.

ఆ దీపం గల ఆయన స్క్రోల్ లాక్ గారు. కీబోర్డు కుడివైపు పై వరసలో ప్రింట్ స్క్రీన్‌కూ పాజ్‌కూ నడుమ కూర్చుంటారు. ఎవరి జోలికీ పోరు, ఎవరూ ఆయన జోలికి పోరు. కానీ ఏడాదికోసారి మా బామ్మర్ది కొంప ముంచుతారు.

మా బామ్మర్ది ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున్నే ఫోన్.

"బావా, ఎక్సెల్ ఖరాబైంది. బాణం కొడితే గడి కదుల్తలేదు, పేజీ మొత్తం గుంజుకపోతంది."

"కీబోర్డు మీద దీపాలు ఎన్ని ఎలుగుతున్నయో చూడు."

"నేను ఎక్సెల్ అంటుంటే నువ్వు దీపాలంటవేంది? ఇదేమన్న కార్తీక మాసమా?"

"మూడోదాన్ని ఆర్పురా నాయనా."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయ్యింది. సారు పిలుస్తుండు, పెడుతున్న" అని ఫోన్ పెట్టేశాడు. అప్పటికే ఆఫీసులో వైరస్ వచ్చిందని పుకారు లేచిందనీ, ఇద్దరు టీ తాగడానికి పోయారనీ తర్వాత తెలిసింది.

మరుసటేడు మళ్ళీ అదే రోగం. ఈసారి వాడి చేతిలో ఉన్నది లాప్‌టాప్. అందులో స్క్రోల్ లాక్ బటనే లేదు. బటన్ లేకున్నా లాక్ మాత్రం పడింది! అప్పుడు విండోస్‌లో తెర మీది కీబోర్డు తెరిచి, అందులో ఉన్న ఉత్తుత్తి స్క్రోల్ లాక్‌ను మౌసుతో నొక్కాలి. పోస్టు ఎత్తేసినా ఆయన సంతకం లేనిదే ఫైలు కదలదన్నమాట.

ఇంతకీ ఆయన డ్యూటీ ఏమిటి? 1981లో ఐబీఎం వాళ్ళ పీసీ వచ్చినప్పుడు కీబోర్డు మీద 83 బటన్లు. దానితో మౌసు రాలేదు. బాణం నొక్కితే కర్సర్ కదలాలా, తెర మీది రాత మొత్తం కదలాలా అన్నది తేల్చడానికి ఒక ఉద్యోగి కావాలి కదా, ఆ ఉద్యోగే స్క్రోల్ లాక్. తర్వాత మౌసు వచ్చింది, దానికి చక్రం వచ్చింది, ఈయన కొలువు పోయింది. మిగతా ప్రోగ్రాములు చాలావరకు ఆయన మొహం చూడటం మానేశాయి. ఎక్సెల్ మాత్రం పాత మర్యాద కొద్దీ ఇంకా ఆయన మాట వింటోంది. ఆ మర్యాదే మా బామ్మర్ది చావుకొచ్చింది.

ఆ రోజుల్లో మాత్రం స్క్రోల్ లాక్‌కూ, దాని ఇరుగుపొరుగు బటన్లలో చాలావాటికీ చేతినిండా పని. మా మంథని నుంచి ఏళ్ళ తరబడి ఎమ్మెల్యేగా గెలిచిన పీవీ నరసింహారావు, 1980ల్లో, వయసు అరవై దాటాక, కేంద్ర మంత్రిగా ఉంటూ కంప్యూటర్ తెప్పించుకుని పట్టుబట్టి నేర్చుకున్నారు. టైపు కొట్టడంతో ఆగలేదు, ప్రోగ్రాములు రాసేదాకా పోయారు. అన్ని భాషలు వచ్చిన మనిషికి యంత్రం భాష ఒక లెక్కా! ఇవాళ మా కాలనీలో రిటైరైన పెద్దమనుషులు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వు పంపి "కంప్యూటర్ అంతా వచ్చింది" అంటుంటే నాకు పీవీ గుర్తొస్తారు.

పీవీ నేర్చుకున్న ఆ కాలపు తెర అంటే నల్లటి పలక, దాని మీద అక్షరాలు. ఫైళ్ళ పట్టీ అడిగితే వరసలు కింది నుంచి పైకి గోదావరి వరదలా ఉరికేవి. కావలసిన పేరు కనబడేలోపు మాయం. అప్పుడు పాజ్ నొక్కితే వరద ఆగేది. చదువుకుని ఇంకేదైనా బటన్ నొక్కితే మళ్ళీ ఉరికేది. ఆ పాజ్ నెత్తినో నుదుటినో బ్రేక్ అని ఇంకో పేరు ఉంటుంది. అది తంతి తపాలా రోజుల నుంచి వచ్చిన పెద్దాయన. అవతలివాడు ఆపకుండా టకటక కొడుతుంటే, తీగలో కరెంటు తెంపి "ఇక ఆపు" అని చెప్పడమే ఆయన వృత్తి. 83 బటన్ల కీబోర్డులో ఆయన స్క్రోల్ లాక్ ఇంట్లో కిరాయికి ఉండేవాడు, కంట్రోల్‌తో కలిపి నొక్కితే బయటికొచ్చేవాడు. 101 బటన్ల కీబోర్డు వచ్చినప్పుడు బదిలీ అయి పాజ్ ఇంటికి మారాడు. ఏ పైరవీ చేశాడో, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఎక్సెల్‌లో మ్యాక్రో ఏదైనా పిచ్చిపట్టినట్టు తిరుగుతుంటే కంట్రోల్, బ్రేక్ కలిపి కొట్టి చూడండి. ముసలాయనకు ఇంకా సత్తువ ఉంది.

అందరిలోకీ నాకు జాలేసేది మాత్రం సిస్‌రిక్యూ మీద. అసలు పేరు సిస్టమ్ రిక్వెస్ట్. 1984లో ఐబీఎం కొత్త పీసీతో 84వ ఉద్యోగిగా, ఈ ఒక్కడి కోసమే పోస్టు సృష్టించి మరీ తెచ్చారు. ఏ ప్రోగ్రాము నడుస్తున్నా దాన్ని దాటేసి నేరుగా సిస్టమ్ తలుపు తట్టే అధికారం ఇచ్చారు. అధికారం ఇచ్చారు గానీ ఫైలు ఒక్కటీ పంపలేదు. ప్రోగ్రాములు చాలావరకు ఆయన్ని పట్టించుకోనే లేదు. మా భాషలో దీన్ని వెయిటింగ్ ఫర్ పోస్టింగ్ అంటారు. చివరికి ప్రింట్ స్క్రీన్ బటన్ మీద చిన్నక్షరాలతో ఒక మూల సర్దుబాటు చేశారు. లైనక్స్ వాళ్ళు మాత్రం మనిషి విలువ తెలిసినవాళ్ళు. యంత్రం బిగుసుకుపోయి ఏం చేసినా కదలనప్పుడు, ఆల్ట్‌తో కలిపి ఈయన్ని పిలిచి డిస్కు మీది సరుకు దెబ్బతినకుండా మళ్ళీ మొదలుపెట్టిస్తారు.

ఇక సిస్‌రిక్యూ తలదాచుకున్న ఇంటి ఓనరు ప్రింట్ స్క్రీన్. ఒకప్పుడు పేరుకు తగ్గట్టు తెర మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీద కొట్టించేవాడు. ఇప్పుడు తెర బొమ్మ తీస్తాడు గానీ కాగితం ఊసెత్తడు. కొత్తవాళ్ళు నొక్కి, ప్రింటర్ వైపు చూసి, మళ్ళీ నొక్కి, ప్రింటర్‌కు కరెంటు ఉందా అని వంగి చూస్తారు.

వీళ్ళు చాలావరకు పని తగ్గి ఊరుకున్నవాళ్ళు. పని లేకున్నా చేటు చేసేవాడు ఇన్సర్ట్. తెలియక చెయ్యి తగిలితే చాలు, కొత్త అక్షరం రాస్తుంటే ముందున్న పాత అక్షరాన్ని మింగుతూ పోతాడు. 2024 ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రంలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చిన రోజుల ముచ్చట. కరీంనగర్‌లో ఒక నెట్ సెంటర్లో నా ముందు ఒకాయన దరఖాస్తు టైపు చేయించుకుంటున్నాడు. పేరు కింద "సర్పంచ్" అని పాత ఫైలులో ఉంది.

"తమ్మీ, ముంగట మాజీ అని వెట్టు. మల్ల ఎవడన్న అంటడు" అన్నాడాయన.

పిల్లగాడు కర్సర్ ముందు పెట్టి "మాజీ" కొట్టి, ఖాళీ వదిలాడు. ఇన్సర్ట్ గారు స, ర, ప అన్నీ నమిలేశారు. తెర మీద మిగిలింది "మాజీ చ్".

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. "కరెక్టే కొట్టినవ్ గని, ఆఫీసుల ఒప్పుకోరు" అన్నాడు.

ఈ బెడద చూసే కాబోలు, ఇప్పటి వర్డ్‌లో మనం కోరి అధికారం ఇస్తే తప్ప ఇన్సర్ట్‌కు మింగే హక్కు లేదు.

కాప్స్ లాక్‌ను ఈ జాబితాలో చేర్చను. అది టైపు మిషన్ల కాలపు షిఫ్ట్ లాక్‌కు వారసుడు. షిఫ్ట్ నొక్కిపట్టి చిటికెన వేలు పడిపోయేవాళ్ళ కోసం పుట్టింది. 2010లో గూగుల్ తన మొదటి క్రోమ్‌బుక్ నమూనాలో దాన్ని పీకేసి వెతుకులాట బటన్ పెట్టింది. వాళ్ళు మన అప్లికేషన్లు చూసి ఉండరు. బ్లాక్ లెటర్స్‌లో నింపవలెను అన్న మాట ఉన్నన్నాళ్ళు కాప్స్ లాక్‌కు మా జిల్లాల్లో రిటైర్మెంట్ లేదు.

అసలు మనవాళ్ళు ఎవరినీ ఊరికే కూర్చోబెట్టరు. పెండ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపుల్లో చూశాను. భారతీయ భాషల పాత సాఫ్ట్‌వేర్లు కొన్నింటిలో తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారే పని ఈ స్క్రోల్ లాక్‌కే అప్పజెప్పారు. అమెరికాలో పని పోయిన ఉద్యోగికి కరీంనగర్లో కొలువు! మాఘమాసం ముహూర్తాలు వస్తే ఆ దీపం వెలుగుతూ ఆరుతూ తీరిక లేకుండా ఉండేది. వరుని పేరు తెలుగు, వాడి సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు ఇంగ్లీషు, మళ్ళీ "బంధుమిత్రుల అభినందనలతో" తెలుగు.

దీన్నిబట్టి పని లేకపోవడం బటన్ తప్పు కాదని నాకు రూఢి అయింది. ఇవ్వడమే తెలియాలి. పైగా పని కోసం ఎదురుచూస్తున్న అక్షరాలు మన పక్కనే ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అని ఒక ఊరు. అక్కడి గోండుల ఇళ్ళల్లో వాళ్ళ సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు పూనుకుని వాటిని లోకానికి చూపించారు. 2018లో వచ్చిన యూనికోడ్ 11లో గుంజాల గోండి లిపి చేరింది. అంటే ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్ లెక్కలో ఆ అక్షరాలకు ఒక్కోదానికి సొంత నంబరు ఉంది. ఇంటి నంబరు వచ్చింది గానీ ఇల్లు రాలేదు. ఆ అక్షరాలు అచ్చేసిన కీబోర్డు ఆదిలాబాద్ దుకాణాల్లో నాకు కనబడలేదు. ఆ మాటకొస్తే తెలుగు అక్షరాలు అచ్చేసినదీ కనబడలేదు. 1986లోనే సర్కారు ఇన్‌స్క్రిప్ట్ అని ఒక పద్ధతి తయారుచేసి, ఏ అక్షరం ఏ బటన్ మీద ఉండాలో తేల్చింది. షిఫ్ట్ పట్టి జె కొడితే బండి ఱ కూడా వస్తుంది. కాకపోతే ఆ సంగతి కీబోర్డు మీద రాసి ఉండదు, నొక్కేవాడి నెత్తిలో ఉండాలి.

ఇదిలా ఉండగా 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక కొత్త పోస్టు ప్రకటించింది. విండోస్ బటన్ వచ్చిన దాదాపు ముప్పై ఏళ్ళకు వేసిన నియామకం అది. పేరు కోపైలట్. నొక్కితే కృత్రిమ మేధ పలుకుతుంది. దానికి జాగ చూపడానికి కుడివైపు కంట్రోల్‌నో మెనూ బటన్‌నో లేపేశారు. రోజూ ఏదో ఒక పని చేసేవాళ్ళను లేపి, నలభై ఏళ్ళుగా సరైన పోస్టింగ్ లేని సిస్‌రిక్యూను మాత్రం కదపలేదు. అక్కడా పైరవీ నడుస్తుందని నాకైతే గట్టి అనుమానం.

కాబట్టి కీబోర్డులు చేసే కంపెనీలకు కరీంనగర్ నుంచి నా దరఖాస్తు. కొత్త బటన్లు అక్కర్లేదు. స్క్రోల్ లాక్‌ను ఎట్లాగూ మేము ఒకసారి భాషల శాఖలో పనిచేయించి చూశాం, బాగానే చేశాడు. ఆయన్ని అక్కడే పర్మినెంట్ చేయండి. ఒక నొక్కుకు తెలుగు, రెండో నొక్కుకు గోండి, మూడో నొక్కుకు ఇంగ్లీషు రావాలి. ఆ అక్షరాలు బటన్ల మీద అచ్చేసి ఆదిలాబాద్ దుకాణాల్లో పెట్టండి. పోస్టు ఖాళీగా ఉంది, అర్హులు ఉన్నారు. నోటిఫికేషన్ వేయడమే తరువాయి.